కొండ మీద తలనొప్పిని దాచవద్దు

వేసవి సెలవులు దగ్గరపడితే మమ్మల్ని తల్లులు అడిగే ప్రశ్న ఒకటుంది: "సిస్టర్, మా అబ్బాయి స్నేహితులతో హిమాలయాలలో ట్రెక్కింగుకు వెళ్తానంటున్నాడు, పంపవచ్చా?" పంపండమ్మా. కొండలు, అడవులు నడిచి చూడాలనే కోరిక మంచిదే. అయితే పంపే ముందు ఇంటిల్లిపాదీ ఒక సంగతి తెలుసుకోవాలి.

మన తూర్పు కనుమలలో ఎంత పెద్ద కొండైనా సుమారు 1,700 మీటర్ల లోపే. అందుకే ఎత్తు వలన వచ్చే జబ్బు మనవారికి పరిచయం లేదు. అది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక కనబడుతుంది. లేహ్ పట్టణమే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి, పీల్చే ప్రతి శ్వాసలో ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. దానికి అలవాటుపడడానికి శరీరానికి కొన్ని రోజులు కావాలి.

మొదట తలనొప్పి వస్తుంది. దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర పట్టకపోవడం. మనవాళ్లు దీనిని గ్యాస్ అనుకొని, ఒక మాత్ర వేసుకొని మళ్లీ ఎక్కుతారు. బలమైనవారికి ఇది రాదనేది వట్టి అపోహ. నిజానికి కుర్రవాళ్లు త్వరత్వరగా ఎక్కి దీనిని తెచ్చుకుంటారు. జట్టు తనను వదిలి వెళ్లిపోతుందని, కట్టిన డబ్బు పోతుందని తలనొప్పి సంగతి ఎవరికీ చెప్పరు. మాకు భయమంతా ఇక్కడే.

తలనొప్పి, వికారం ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. అక్కడే ఆగాలి. తగ్గితేనే ముందుకు, ఎక్కువైతే కిందికి. గీత గీసి, మడమకు వేలు ఆనించి నడవమనండి. తూలినా, మాట తికమకగా ఉన్నా మెదడు వాచినట్లు అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురుగుతో కళ్లె ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నట్లు అనుకోవాలి. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. ఆక్సిజన్ ఉంటే పెట్టి వెంటనే కిందికి దింపాలి, తెల్లవారనిద్దామని ఆగరాదు. రోగిని ఒంటరిగా పంపరాదు.

2014 మే 25న మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినది అందరికీ తెలుసు. ఆమె భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందిన తరువాతే అక్కడికి వెళ్లినదని మాత్రం చాలామంది మరచిపోతారు.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, బాగా రక్తహీనత ఉన్నవారు, గర్భిణీలు డాక్టరును అడగకుండా బయలుదేరవద్దు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారే కాదు, ఆ లక్షణం మోస్తున్నవారు కూడా అడగాలి. ఎత్తులో వారికి ప్లీహం దెబ్బతినవచ్చు. ఎసిటజోలమైడ్ మాత్ర కొందరికి ఉపయోగమే గాని, స్నేహితుడు ఇచ్చాడని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివారు ఆ మాట ముందే చెప్పాలి. సారా, బీరు, నిద్రమాత్రలు అక్కడ అసలు పనికిరావు.

సలహాకు వచ్చేటప్పుడు ప్రయాణం కాగితం తెండి. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో చూస్తాము. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఉండాలి. అలా లేకపోతే ఇంకో రెండు రోజులు కలపమని నిర్వాహకులను అడగండి.