గాలమును గాలివానయు

మన తూర్పుతీరమున వినోదార్థము గాలము వేయఁగోరువారు ముందుగా ఋతుధర్మము నెఱుంగవలయును. జనవరి మొదలు మార్చి వఱకు సముద్రము సాధారణముగా శాంతముగా నుండును. గాలమునకు నదియే యనువైన కాలము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మత్స్యసంతతి వృద్ధికై మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో మనము గట్టుననుండి గాలము వేసినను, గ్రుడ్లతోనున్న చేపను మరల నీట విడుచుట ధర్మము.

అక్టోబరు, నవంబరు మాసములలో మఱింత జాగరూకత యవసరము. సుమారు 26 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేఁడెక్కిన సముద్రజలమునుండి లేచు నావిరియే తుపానునకు బలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన వేలకొలది ప్రాణములను గొనెను. కావున ఓడరేవున ప్రమాదసూచిక నెగురవేసిన దినమున, ఆకాశము నిర్మలముగాఁ గనఁబడినను, మనము గాలము చుట్టి యింటికి మరలుదము. చేప రేపును దొరకును. పోయిన ప్రాణము మరల దొరకదు.