నిండు నెలల గర్భిణి - కడుపులో బిడ్డ కదలికలు

మీ పాకలోని చూడిగేదె ఒకపూట మేత ముట్టక, నెమరు వేయక పడుకొన్నచో మీరు ఊరకుండరు. చెవులు తాకి చూతురు, కుడితి పెట్టి చూతురు, చీకటి పడకముందే పశువైద్యునికి కబురు పెట్టుదురు. అదే ఇంట నెలలు నిండిన కోడలు "ఇవాళ బిడ్డ అంతగా తిరగడం లేదత్తయ్యా" అన్నప్పుడు మాత్రము, "పురుడు దగ్గర పడిందమ్మా, బిడ్డ కుదురుకొంది, పడుకో" అను సమాధానము వచ్చును. ఆ మాట ప్రేమతో అన్నదే. కాని అది నిజము కాదు. ఆ మాట నమ్మి తెల్లవారువరకు ఆగుటవలన చేతికందవలసిన బిడ్డ పోవచ్చును.

పంటల పత్రికలో ఈ విషయము ఎందుకని కొందరడుగవచ్చును. ఆసుపత్రికి బయలుదేరుమని చెప్పువారు, వాహనము పిలుచువారు, డబ్బు తీయువారు మన ఇండ్లలో చాలవరకు ఈ పత్రికను చదువు మీరే గదా. అందుచేత మీకే చెప్పవలసియున్నది.

కదలికల తీరు

తొలిచూలు వారికి సాధారణముగా 18 నుండి 20 వారముల మధ్య, అనగా అయిదవ నెలలో, బిడ్డ కదలిక తెలియును. మొదట నీటిలో చేపపిల్ల తోక ఆడించినట్లుండును. ఇదివరకు కన్న తల్లులు ఇంకను ముందుగా, 16వ వారమునకే గుర్తుపట్టవచ్చును. 24 వారములు నిండినను కదలిక ఏమియు తెలియనిచో డాక్టరుకు చూపవలెను. మాయ గర్భసంచి ముందుగోడకు అంటుకొనియున్నచో 28 వారముల వరకు కదలికలు కొంత మందముగా తెలియును. స్కానింగు కాగితములో మాయ ఉన్న చోటు వ్రాసియుండును గనుక దానిని పారవేయక దాచుకొనుడు.

అప్పటినుండి కదలికలు పెరుగుచు 32వ వారమునకు ఒక స్థాయికి వచ్చును. ఇక అక్కడినుండి నొప్పులు వచ్చు రోజు వరకు ఆ స్థాయి తగ్గరాదు. మారునది తీరు మాత్రమే. బిడ్డ పెరిగి లోపల చోటు తగ్గుటచే పెద్ద తన్నులు పోయి, నెట్టుట, పొర్లుట, మెలికలు తిరుగుట ఎక్కువగును. దీనిని చూచియే కాబోలు, పురుటి ముందు బిడ్డ కదలదను నమ్మకము పుట్టినది. తన్ను మెత్తబడుట వేరు, కదలికలే తగ్గిపోవుట వేరు. మొదటిది సహజము. రెండవది ఎన్నడును సహజము కాదు, అది తొమ్మిదవ నెల ఆఖరు వారమైనను సరే.

కడుపులో బిడ్డ నిద్రపోవును కూడ. ఒక్కొక్క నిద్ర సాధారణముగా 20 నుండి 40 నిమిషములుండును. గంటన్నర మించుట అరుదు. మధ్యాహ్నము దాటిన తరువాత, సాయంకాలము కదలికలు హెచ్చుగా ఉండును. ఇంతకుమించి అందరికీ వర్తించు లెక్క లేదు. ఒక బిడ్డ చురుకు, ఒక బిడ్డ నెమ్మది. ఆ బిడ్డ అలవాటు ఆ తల్లికే తెలియును. (కదలికలను బట్టి ఆడపిల్లయో మగపిల్లవాడో చెప్పువారు ప్రతి ఊరిలోను ఉన్నారు. అది పొద్దుపోని మాట.)

ఎందుకు తగ్గును?

బిడ్డకు కావలసిన ప్రాణవాయువు, ఆహారము తల్లి రక్తమునుండి మాయలోనికి, మాయనుండి బొడ్డుతాడు ద్వారా బిడ్డకు అందును. కాలువలో నీరు తగ్గినప్పుడు వరిపైరు ఏమి చేయునో మీకు తెలియును. ఆకులను చుట్టుకొని, ఉన్న తేమను కాపాడుకొనును. చేను చావలేదు, కాని నీరందుట లేదని ఆ చుట్టుకొన్న ఆకులు మీకు చెప్పును. మాయ సరిగా పనిచేయనప్పుడు బిడ్డయు అట్లే చేయును. అందుచున్న కొద్ది ప్రాణవాయువును గుండెకు, మెదడుకు మిగుల్చుకొనుటకై కాళ్ళు చేతులు ఆడించుట తగ్గించును. గుండె ఇంకను కొట్టుకొనుచునేయుండును. చుట్టుకొన్న ఆకు మరల విప్పుకొను వ్యవధి పైరుకు ఎట్లుండునో, అట్లే ఇక్కడను కొంత వ్యవధి ఉండును. అది కొన్ని గంటలో, కొన్ని రోజులో ఎవ్వరును ముందు చెప్పజాలరు.

తల్లికి రక్తపుపోటు, మధుమేహము ఉన్నప్పుడును, బిడ్డ ఎదుగుదల తగ్గినప్పుడును, బొడ్డుతాడు నొక్కుకొన్నప్పుడును ఇట్లు జరుగవచ్చును. ఏ కారణమును కనబడకయు జరుగవచ్చును. 28 వారములు దాటిన పిదప బిడ్డ ప్రాణము లేకుండ పుట్టినచో దానిని నిర్జీవ జననముగా లెక్కింతురు. 2030 నాటికి వేయి జననములకు ఇట్టివి పదికి లోపుగా ఉండవలెనని భారత ప్రభుత్వము 2014లో నవజాత శిశు కార్యాచరణ ప్రణాళికలో లక్ష్యము పెట్టుకొన్నది. విదేశములలోని పరిశీలనలలో, ఇట్లు బిడ్డను పోగొట్టుకొన్న తల్లులలో సుమారు సగము మంది తమకు ముందే కదలికలు తగ్గినట్లు తోచినదని చెప్పిరి.

నాట్ల రోజులలో

ఇక మన పల్లెలలోని అసలు చిక్కు చెప్పవలెను. కదలికను గమనించుటకు మనస్సు దానిమీద ఉండవలెను, శరీరము కుదురుగా ఉండవలెను. తెల్లవారి లేచి వంటచేసి, సద్దిమూట కట్టుకొని, ముఠాతో పాటు నాట్లకు పోయి, నడుము వంచి పొద్దంతా బురదలో ఉన్న మనిషికి బిడ్డ కదలినదో లేదో ఎట్లు తెలియును? పత్తితీతలోను, మిరపకోతలోను ఇంతే. సాయంత్రము పశువుల పని, మరల వంట. రాత్రి పడుకొన్న తరువాత "ఉదయంనుంచి తెలియలేదే" అని ఆమెకు స్ఫురించును. పని ఒత్తిడిలో గమనించలేదేమో అని తనకు తాను సమాధానము చెప్పుకొనును. ప్రక్కవారిని లేపుటకు మొగమాటపడును. మరునాడు కూడ నాట్లే.

ఏడవ నెల నిండినది మొదలు ఆమెకు ప్రతిరోజు ఒక వేళ కేటాయించుడు. సాయంత్రపు భోజనము తరువాత అయినచో మంచిది. ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకొని, పొట్టపై చేయి వేసుకొని, మాటలు, టీవీ, ఫోను లేకుండ బిడ్డను గమనింపవలెను. ఇది సోమరితనము కాదు, విశ్రాంతి పేరిట చేయు పని. అంట్లు ఆ వేళకు మరొకరు తోమవచ్చును. 28 వారములు దాటిన తరువాత నిద్రకు కూడ వెల్లకిల పడుకొనక ప్రక్కకు తిరిగియే పడుకొనవలెను. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిల ఉన్నట్లు తెలిసినచో భయపడక ప్రక్కకు తిరిగిన చాలును.

లెక్క పెట్టవలెనా?

వేల్సు దేశములోని కార్డిఫ్ నగరమున పియర్సన్, వీవర్ అను వైద్యులు 1976లో ఒక పద్ధతిని ప్రకటించిరి. ఉదయము 9 గంటలనుండి కదలికలు లెక్కపెట్టి, పదవది ఎప్పుడు వచ్చినదో ఒక పట్టీలో గుర్తుపెట్టవలెను. పండ్రెండు గంటలలో పది రానిచో ఆసుపత్రికి చెప్పవలెను. దీనికి ప్రపంచమంతటను ప్రచారము వచ్చినది. అయితే 1989లో ప్రకటింపబడిన, సుమారు 68 వేలమంది తల్లులపై జరిగిన పరిశీలనలో, అందరిచేతను క్రమముగా లెక్కపెట్టించుటవలన మరణములు తగ్గినట్లు తేలలేదు. లెక్క పెట్టించుటతో పని తీరదని దీనివలన తెలియుచున్నది. లెక్క తగ్గిన తల్లి వెంటనే బయలుదేరవలెను, చేరిన చోట సరియైన పరీక్ష జరుగవలెను.

కనుక మా అభిప్రాయమిది. పదియను సంఖ్యను పట్టుకొని కూర్చొనరాదు. రోజూ పది నిమిషములలో పది మార్లు కదలు బిడ్డ ఈరోజు రెండు గంటలలో పది మార్లు కదలినది. సంఖ్య సరిపోయినది, కాని మార్పు పెద్దది. చూడవలసినది ఆ మార్పునే. తగ్గినదో లేదో ఆమెకు సందేహముగా ఉన్నప్పుడు మాత్రము ఎడమవైపు పడుకొని రెండు గంటలు శ్రద్ధగా గమనింపవలెను. ఆ రెండు గంటలలో పదికి తక్కువైనచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎక్కిళ్ళవలె తాళముగా వచ్చు అదురును ఇందులో కలుపరాదు.

సందేహము లేక, కదలికలు నిలిచినవనియో, బాగా తగ్గినవనియో ఆమె చెప్పినచో ఆ రెండు గంటలు కూడ ఆగవలదు. పటికబెల్లపు నీళ్లు త్రాగించి చూతము, చల్లని కూల్‌డ్రింకు పట్టి చూతము, తెల్లవారనీ, రేపు మంచిరోజు కాదు, ఈ మాటలేవియు వలదు. ఇంటిలో పొట్టమీద చెవిపెట్టియో, యంత్రము పెట్టియో గుండెచప్పుడు విని తృప్తిపడవలదు. పైన చెప్పితిమి గదా, నలిగిపోవుచున్న బిడ్డ గుండె కూడ కొట్టుకొనుచునే యుండును. 108కి ఫోను చేయుడు. 2005లో మన ప్రాంతమున మొదలైన ఈ వాహనమును ఇంకను కొందరు ప్రమాదములకే ననుకొందురు. గర్భిణులకును అది వచ్చును. వాన, వాగు, దూరము మొదలైనవాటివలన వాహనము ఆలస్యమగునని తోచినచో దొరికిన ఆటోలోనో, ట్రాక్టరులోనో ఎదురుపోవుడు. ముఖము వాపు, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్ముట, రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, వీటిలో ఏదియైనను తోడైనచో మరింత త్వరపడవలెను.

ఆసుపత్రిలో తల్లి రక్తపుపోటు, మూత్రము చూతురు, పొట్ట కొలుతురు. బిడ్డ గుండెచప్పుడు మామూలుగా నిమిషమునకు 110 నుండి 160 వరకుండును. దానిని ఒక్కమారు విని పంపివేయుట చాలదు. కొంతసేపు యంత్రముతో కాగితముపై గీయించి, బిడ్డ కదలినప్పుడు గుండె వేగము పెరుగుచున్నదా అని చూడవలెను. అవసరమైనచో ఎదుగుదలకు, ఉమ్మనీటికి స్కానింగు తీయుదురు. ఈ యంత్రములు అన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉండవు గనుక, పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నచో విసుగుకొనక పోవలెను. ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు పరీక్షలు, మందులు, కాన్పు, రవాణా 2011నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ఉచితము.

ఇట్లు ఒకమారు కదలికలు తగ్గినవని వచ్చిన తల్లులలో నూటికి డెబ్బది మందికి ఏ చిక్కును లేక కాన్పు జరుగును. కాబట్టి పరీక్షచేసి "అంతా బాగున్నది, ఇంటికి పొండు" అని చెప్పుటే ఎక్కువ. అప్పుడు దారిలో "ఊరకే భయపెట్టినావు" అని ఆమెను అనవలదు. ఆ ఒక్క మాటతో ఆమె రెండవమారు నోరు విప్పదు. రెండవమారు తగ్గుట మొదటిదానికంటె ఎక్కువ ఆలోచింపదగినది. అప్పుడు మరల పోవలెను, నిన్ననే చూపించితిమని ఆగరాదు.

గ్రామాధికారులకు

మీ ఊరిలో ఏడవ నెల దాటిన గర్భిణులెందరో ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు తెలియును. వానకాలము ముందు ఆ పట్టీని తెప్పించుకొని, వాగు పొంగినచో ఏ ఇల్లు ఏ దారిన బయటపడునో ఇప్పుడే ఆలోచించుడు. రాత్రివేళ రాగల ఆటోవారి, ట్రాక్టరువారి ఫోను నంబర్లు పంచాయతీ కార్యాలయము గోడమీద వ్రాయించుడు. ముఠా మేస్త్రీలను పిలిచి, నెలలు నిండిన మనిషి "నాకు తేడాగా ఉంది" అని గట్టుమీదికి వచ్చినచో ఆనాటి కూలి కోయక ఇంటికి పంపుమని చెప్పుడు. ఇది మీరు చెప్పినచో వినుదురు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణులకు జరుగు పరీక్షకు (ఇది 2016లో మొదలైనది) ఎవరు పోలేదో విచారించుడు.

మరియొక చిన్న సంగతి. తొలికాన్పుకు పిల్లను పుట్టింటికి పంపుట మన ఆచారము. అది సరిగా ఏడవ నెలకో తొమ్మిదవ నెలకో, అనగా కదలికలను ఎక్కువగా గమనింపవలసిన వేళకే పడును. ఇక్కడి ఏ.ఎన్.ఎం.కు ఆమె వెళ్ళినట్లు తెలియును గాని, అక్కడి ఏ.ఎన్.ఎం.కు ఆమె వచ్చినట్లు తెలియదు. పసుపు కుంకుమలతోపాటు తల్లీబిడ్డల రక్షణ కార్డును, స్కానింగు కాగితములను సంచిలో పెట్టి పంపుడు. పుట్టింటి ఊరిలో దిగిన మరునాడే ఆ కార్డును అక్కడి ఆశా కార్యకర్తకు చూపించుమని వియ్యపురాలికి మీరే ఫోనుచేసి చెప్పుడు.