ఓడితే ఇంటికే! - ఆన్‌లైన్ అర్హత పోటీల లెక్కలు

(పెద్ద తరగతి పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ)

ఈమధ్య మన బడిలో సెలవు చీటీల మీద ఒక కొత్త కారణం కనబడుతోంది: "ఆదివారం క్వాలిఫయర్ ఉంది". కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని పక్కకి పిలిచి, "మాస్టారూ, ఇది నిజంగా పోటీయేనా, లేక ఆటకో సాకా?" అని అడుగుతున్నారు. పిల్లలేమో, "అమ్మావాళ్ళకి చెప్పినా అర్థం కాదు" అంటున్నారు. చెప్పడానికి తెలుగు మాటలు దొరక్కపోవడమే అసలు చిక్కని మాకు అనిపించింది. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ పాఠం. పెద్దలూ పిల్లలూ పక్కపక్కన కూర్చుని చదవాలని మా కోరిక.

1. అర్హత పోటీ అంటే ఏమిటి?

జాతీయ పోటీకి వేలమంది ఆడతామంటారు. చివరి వేదిక మీద చోటు కొందరికే ఉంటుంది. ఆ కొందరిని ఏరే వడపోతనే అర్హత పోటీ అంటారు.

ఇది కొత్త సంగతి కాదు. 1980లో అమెరికాలో అటారీ సంస్థ స్పేస్ ఇన్వేడర్స్ ఆటకి జాతీయ పోటీ పెట్టింది. పదివేలమందికి పైగా పాల్గొన్నారు. లాస్ ఏంజెలెస్, షికాగో వంటి నగరాల్లో వడపోత జరిపి, గెలిచినవారిని న్యూయార్క్‌లో ఆడించారు. అప్పుడు గెలిచిన రెబెకా హైన్‌మన్ తరువాత ఆటలు రాసే ప్రోగ్రామర్ అయ్యారు. 1983లో ఇంటర్‌ప్లే సంస్థను స్థాపించినవారిలో ఆమె ఒకరు.

ఆనాడు పోటీకి ఊరు దాటి వెళ్ళాలి. ఇప్పుడు ఇంట్లో కుర్చీ కదలకుండా ఆడవచ్చు. 2019లో జరిగిన ఫోర్ట్‌నైట్ ప్రపంచ కప్పుకి పది వారాలపాటు ఆన్‌లైన్‌లో అర్హత పోటీలు జరిగాయి. పాల్గొన్నవారు 4 కోట్లమందికి పైనే అని నిర్వాహకులు ప్రకటించారు. ఒంటరి విభాగంలో న్యూయార్క్ వేదిక ఎక్కినవారు 100 మంది. 16 ఏళ్ళ కైల్ గీర్స్‌డార్ఫ్ గెలిచి 30 లక్షల డాలర్లు అందుకున్నాడు. పిల్లలకి ఆ 30 లక్షలే గుర్తుంటాయి. వేదిక దాకా రాని ఆ కోట్లమంది కూడా గుర్తుండాలని మా మనవి.

2. నాలుగు పద్ధతులు, నాలుగు లెక్కలు

మన పోటీలో 64 మంది ఉన్నారనుకుందాం.

ఓడితే ఇంటికే: ప్రతి ఆటలోనూ ఒకరు తప్పుకుంటారు. విజేత మిగలాలంటే 63 మంది తప్పుకోవాలి. కాబట్టి సరిగ్గా 63 ఆటలు. 64, 32, 16, 8, 4, 2 - ఇలా ఆరు అంచెల్లో పూర్తవుతుంది.

రెండో అవకాశం: రెండుసార్లు ఓడినవారే తప్పుకుంటారు. 63 మందికి రెండేసి ఓటములంటే 126 ఆటలు. విజేత కూడా ఒకసారి ఓడి ఉంటే 127.

అందరితో అందరూ: 64ని 63తో హెచ్చవేసి రెండుతో భాగిస్తే 2,016 ఆటలు. అన్నిటికన్నా న్యాయమైనది ఇదే. కానీ ఒక వారాంతంలో తేలే పని కాదు.

స్విస్ పద్ధతి: 1895లో జ్యూరిక్‌లో జరిగిన చదరంగం పోటీ నుంచి వచ్చింది. ఇందులో ఎవరినీ ఇంటికి పంపరు. ఒకే పాయింట్లు ఉన్నవారిని ఒకరితో ఒకరిని ఆడిస్తారు. డ్రాలు లేకపోతే ఆరు అంచెల తరువాత ఓటమి లేనివారు ఒక్కరే మిగులుతారు. అంచెకి 32 చొప్పున మొత్తం 192 ఆటలు. మొదటి ఆట ఓడిన పిల్లవాడు కూడా రోజంతా ఆడుకోవచ్చు గనుక మాకిది నచ్చుతుంది.

మరి 64 మంది రాక 50 మందే వస్తే? 14 మందికి మొదటి అంచెలో 'బై' ఇస్తారు, అంటే ఆడకుండానే ముందుకి పంపుతారు. మిగతా 36 మంది ఆడితే 18 మంది నెగ్గుతారు. 18కి 14 కలిపితే 32. లెక్క సరిపోయింది!

3. ఆన్‌లైన్‌లో వచ్చే చిక్కులు

మీరు మీట నొక్కిన వార్త తీగ వెంట సర్వరు దాకా వెళ్ళి తిరిగి రావాలి. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాదాపు 3,900 కిలోమీటర్లు. రానూపోనూ కనీసం 39 మిల్లీసెకన్లు. తీగ తిన్నగా ఉండదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. సెకనుకి 60 బొమ్మలు చూపే ఆటలో ఒక్కో బొమ్మకి 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు. అంటే దూరంగా ఉన్న పిల్లవాడు రెండు బొమ్మలు వెనకబడ్డట్టే! అందుకే ప్రాంతాలవారీగా వడపోత జరిపి, చివరి ఆటలు ఒకే గదిలో పెడుతుంటారు.

తీగ తెగితే ఏమవుతుంది? 2020 ఆగస్టులో జరిగిన ఆన్‌లైన్ చదరంగం ఒలింపియాడ్ చూడండి. భారత జట్టులో మన కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ ఉన్నారు. పోలండ్‌తో సెమీఫైనల్‌లో నిర్ణాయక ఆట గెలిచి జట్టును ఫైనల్‌కి చేర్చింది హంపియే. రష్యాతో ఫైనల్ జరుగుతుండగా ఇంటర్నెట్ అంతరాయంతో భారత ఆటగాళ్ళ సంబంధం తెగిపోయింది. చివరికి రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. అది వీడియో గేమ్ కాకపోయినా, ఇంటి నుంచి ఆడే ప్రతి పోటీకీ ఆ చిక్కు ఉన్నదే.

మూడో చిక్కు నిజాయితీ. రిఫరీ మీ గదిలో ఉండడు. కెమెరాలు, నిఘా ప్రోగ్రాములు కొంతవరకే చూడగలవు. నీ పేరుతో అన్నయ్యని ఆడించడం, బడిలో నీ పరీక్ష ఇంకొకరు రాయడం లాంటిదే.

4. ఏ దేశం తరఫున?

భారతదేశంలో 2022 ఏప్రిల్‌లో ఆసియా క్రీడల కోసం జాతీయ ఈ-స్పోర్ట్స్ పోటీలు ఆన్‌లైన్‌లో జరిగాయి. అంతకుముందు 2018 జకార్తా క్రీడల్లో, పతకాల పట్టికలో లెక్కించని ప్రదర్శన పోటీగా హార్త్‌స్టోన్ ఆడించినప్పుడు, గుజరాత్ యువకుడు తీర్థ్ మెహతా కాంస్యం సాధించాడు. 2023లో హాంగ్‌ఝౌలో ఈ ఆటలకి మొదటిసారి అసలైన పతకాలు ఇచ్చారు.

పిల్లలు మమ్మల్ని, "మేము ఇండియాకి ఆడొచ్చా?" అని అడుగుతుంటారు. భారత ప్రభుత్వం 2008 నుంచి అనుసరిస్తూ వచ్చిన నియమం ప్రకారం భారత పౌరులే దేశానికి ప్రాతినిధ్యం వహించాలి. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఒకే ఇంట్లో హైదరాబాదులో పుట్టి భారత పాస్‌పోర్టు ఉన్న అక్క ఒక దేశానికీ, ఇక్కడ పుట్టిన తమ్ముడు మరో దేశానికీ అర్హులు కావచ్చు. ఇది వినగానే కొందరి ముఖాలు చిన్నబోతాయి. పాస్‌పోర్టు ఏ దేశానికి ఆడాలో చెబుతుంది. అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడాలో అది చెప్పదు.

5. పెద్దలకు నాలుగు మాటలు

ఇది జూదమా అని అడిగారు. ఆడి గెలిస్తే వచ్చే బహుమతి వేరు, డబ్బు పందెం కాయడం వేరు. భారత పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన చట్టం కూడా ఈ రెంటినీ విడదీసింది. ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహిస్తూ, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మీ పిల్లలు చేరే పోటీ ఏ కోవలోదో నియమాలు చదివి తెలుసుకోండి. వయసు నిబంధన కూడా చూడండి. ఫోర్ట్‌నైట్ ప్రపంచ కప్పుకి కనీసం 13 ఏళ్ళు ఉండాలన్నారు. తప్పు పుట్టినతేదీ వేయడానికి మాత్రం ఒప్పుకోకండి.

పోటీ తేదీలు ముందే తెలుస్తాయి. వాటిని వంటింటి క్యాలెండరు మీద తెలుగు తరగతి పక్కనే రాయించండి. ఏ వారం ఏది వదులుకోవాలో పిల్లల్నే ముందుగా చెప్పమనండి. ఓడి వచ్చిన రోజున "చెప్పానా!" అనకండి. 64 మందిలో 63 మంది ఓడవలసిందే. "ఎన్నో అంచె దాకా వచ్చావు? ఎక్కడ తప్పింది?" అని అడగండి. ఆ జవాబు తెలుగులో వస్తే మా బడి సగం గెలిచినట్టే.

కొత్త మాటలు

అంచె - పోటీలో ఒక దశ
వడపోత - అవసరమైనవాటిని ఏరి, మిగతావాటిని వేరుచేయడం
ప్రత్యర్థి - మనకు ఎదురుగా ఆడే వ్యక్తి
ప్రాతినిధ్యం - ఒకరి తరఫున నిలబడడం
పౌరసత్వం - ఒక దేశానికి చట్టప్రకారం చెందడం

అభ్యాసం

1. 40 మందితో 'ఓడితే ఇంటికే' పోటీ పెడితే ఎంతమందికి బై ఇవ్వాలి? మొత్తం ఎన్ని ఆటలు?
2. మన తరగతిలో పదిమంది అందరితో అందరూ ఆడితే ఎన్ని ఆటలు?
3. మన బడి క్యారమ్స్ పోటీకి నాలుగు పద్ధతుల్లో ఏది మంచిది? ఎందుకు? ఐదు వాక్యాలు రాయండి.
4. మీరు ఆడే ఆటలో పోటీ ఎలా జరుగుతుందో తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్‌లో తెలుగులో చెప్పండి. వారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి రాసుకుని తరగతికి తీసుకురండి.