విచారణ జీవనమును, ఇంటి భాషయు

'విచారణ' యను మాటకు మన సామాన్య వ్యవహారమున పరామర్శ యనియు, దర్యాప్తు అనియు నర్థములు కలవు. తెలుగు కతోలిక క్రైస్తవుల వాడుకలో దీనికి మరియొక యర్థము కలదు. ఒక గురువు పాలనకు అప్పగింపబడిన విశ్వాసుల సంఘమును, ఆ సంఘము నివసించు ఊళ్లనన్నింటిని కలిపి వారు 'విచారణ' యందురు. ఆ గురువు విచారణకర్త. ఇట్టి విచారణలు కొన్ని చేరి పీఠాధిపతి యొక్క పాలనలో ఒక మేత్రాసనము అగును. మాట చక్కనిది. ఒకరి క్షేమము నొకరు విచారించుకొనుటయే కదా సంఘజీవనమునకు మూలము!

మన పాఠశాలలో హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ బాలబాలికలు ఒకే బల్లపై కూర్చుండి తెలుగు చదువుకొనుచున్నారు. ప్రక్కన కూర్చున్నవాని దేవాలయమున నేమి జరుగునో తెలిసికొనుట మంచిది. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. స్వస్థలము విడిచి వచ్చిన చిన్న సమూహము తన విశ్వాసమును, తన భాషను ఎట్లు నిలుపుకొనునో, ఎచ్చట జారవిడుచునో విచారణ జీవనమును పరిశీలించిన స్పష్టముగా తెలియును. ఈ వ్యాసమునకు ప్రయోజన మదియే.

1. మన సీమలో కతోలిక సంఘము

కృష్ణా తుంగభద్రల నడిమి యీ సీమకు క్రైస్తవము నిన్న మొన్న వచ్చినది కాదు. లింగసూగూరు తాలూకాలోని ముద్గల్ కోట కొరకు విజయనగర, బహమనీ, బిజాపూరు ప్రభువులు పెక్కుమార్లు పోరాడిరి. ఆ ఊర జెసూటు సభ గురువులు కట్టించిన పురాతన దేవాలయ మొకటి కలదు. అది 1557వ సంవత్సరమునకు పూర్వపుదని ప్రసిద్ధి. ఏ ఊరి మొహర్రము ఉత్సవమును చూచుటకు హిందువులు సైతము దూరప్రాంతములనుండి వత్తురో, ఆ ఊరనే యీ దేవాలయమును నిలిచియున్నది. ఏలికలు మారిరి, సరిహద్దులు మారినవి; ప్రార్థన నిలిచినది.

తెలుగు కతోలికుల కథ వేరు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి జెసూటు గురువులు కర్ణాటక మిషను పేర పుంగనూరు, కృష్ణాపురము మొదలగు రాయలసీమ గ్రామములలో బోధించిరి. పిమ్మట యుద్ధములచేతను, కరవులచేతను కొన్ని క్రైస్తవ కుటుంబములు తూర్పునకు తరలి, గుంటూరు మండలమందలి ఫిరంగిపురము మున్నగు గ్రామములలో స్థిరపడినవి. 1773లో జెసూటు సభయే రద్దయి, గురువుల కొరత యేర్పడిన కాలమున ఆ కుటుంబములకు ఇంటి ప్రార్థనయే ప్రధానమైన ఆధారమయ్యెను.

ఇక మూడవ ఘట్టము మనలో పెద్దలు కన్నులార చూచినదే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియయ్యెను. ఎడమగట్టు కాలువ నీరు గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతముల నల్లరేగడి భూములకు పారెను. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులు వచ్చి భూములు కొని, తుమ్మచెట్లు కొట్టి, మళ్లు కట్టి, 'క్యాంపు' లను పేర ఊళ్లు వెలయించిరి. వారిలో కతోలిక కుటుంబములును కలవు. పూర్వము పడమటినుండి తూర్పునకు పోయిన విశ్వాసమే రెండు శతాబ్దములకు పిమ్మట తూర్పునుండి పడమటికి మరలివచ్చినట్లయినది. ఈలోగా 1949లో బళ్లారి మేత్రాసనము ఏర్పడినది. రాయచూరు జిల్లా నేడు దానిలోనిదే. 1956 నవంబరు 1న జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమునకు చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక మయ్యెను.

2. విచారణకు నాలుగు స్తంభములు

దేవాలయము కట్టినంతమాత్రమున విచారణ యేర్పడదు. దానిని నిలువబెట్టునవి నాలుగు.

మొదటిది పుస్తకము. ప్రతి విచారణయందును జ్ఞానస్నానములకు, వివాహములకు, మరణములకు వేరువేరు పుస్తకము లుండవలెనని తిరుసభ చట్టము. జ్ఞానస్నానపు పుస్తకమున శిశువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి జ్ఞానతండ్రుల పేర్లు, తేదీ వ్రాయుదురు. ఇందొక విశేషము కలదు. గుంటూరు జిల్లాలో జ్ఞానస్నానము పొందిన బాలిక పెరిగి పెద్దదై సింధనూరులో వివాహమాడినచో, ఇచ్చటి గురువు ఆ సంగతిని అచ్చటి విచారణకు తెలుపవలెను. అచ్చటివారు ఆమె పేరునకు ఎదురుగా వివాహము నమోదు చేయవలెను. మనిషి ఎంత దూరము పోయినను, పుట్టినచోటి పుస్తకములో ఆమె పేరు తెగిపోదు. జనన ధ్రువపత్రములు అరుదుగానుండిన కాలమున, బడిలో చేర్చుటకు వయస్సు రుజువుగా ఇట్టి నకళ్లు తెచ్చినవారెందరో కలరు.

రెండవది ఉపదేశి. గురువు ఒక్కడు, గ్రామములు పెక్కు. గురువు వారమునకో, మాసమునకో వచ్చును. ఉపదేశి అనుదినము ఊరనే యుండును. పిల్లలకు జ్ఞానోపదేశము నేర్పుట, రోగి యొద్ద ప్రార్థించుట, మరణము సంభవించిన ఇంట మొదట అడుగిడుట, గురువునకు కబురు పంపుట అతని విధులు. పల్లెటూరి విచారణలను నిలిపినవాడు ఉపదేశియే యన్నచో అతిశయోక్తి కాదు. అతనికి ముట్టు జీతము మాత్రము అతని సేవకు తగినట్లు ఎన్నడును లేదు.

మూడవది ఇంటి ప్రార్థన. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట కుటుంబమంతయు చాపపై మోకరించి జపమాల చెప్పుదురు. ఒక పూట జపమాలలో అయిదు భాగములు. ఒక్కొక్క భాగమున పరలోక ప్రార్థన ఒకసారి, మరియమ్మ ప్రార్థన పదిసార్లు. కావున రోజునకు ఏబదిసార్లకు తక్కువగాక ఒకే తెలుగు వాక్యములు బిడ్డ చెవిని పడును, నోట పలుకును. అక్టోబరు మాసమున ఇంటింటికి స్వరూపమును తీసికొనిపోయి జపమాల చెప్పుకొను ఆచారమును పెక్కుచోట్ల కలదు.

నాలుగవది ఉమ్మడి సొమ్ము. ఆదివారపు కానుకలు, కోతలనాటి ధాన్యము, పండుగ చందాలు విచారణ నిధి యగును. 1983 నాటి తిరుసభ చట్టము ప్రతి విచారణకు ఆర్థిక సంఘముండవలెనని విధించినది. విశ్వాసు లిచ్చిన సొమ్మునకు విశ్వాసులకే లెక్క చెప్పవలెనని కూడ విధించినది. 1833లో పారిసు నగరమున ఫ్రెడరిక్ ఓజనాము, అతని మిత్రులు స్థాపించిన విన్సెంట్ డి పాల్ సభకు నేడు లోకమంతట శాఖలు కలవు. దాని పద్ధతి చందా పంపి ఊరకుండుట కాదు. సభ్యులు స్వయముగా పేదవాని ఇంటికి పోయి, కూర్చుండి, మాటలాడి, సహాయము చేయవలెను. విచారణ యను పేరునకు ఇది తగిన పని.

3. భాషా ప్రశ్న

1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభకు పూర్వము దివ్యపూజ లతీను భాషలో జరుగుచుండెను. ఆంధ్రునికిని, కన్నడిగునకును లతీను ఒకటే, ఇరువురకు తెలియనిదే. కావున దేవాలయములో భాషాకలహమునకు తావు లేకుండెను. తెలుగు ఇంటిలోను, జ్ఞానోపదేశములోను, పాటలలోను వర్ధిల్లెను. కతోలికులకు తెలుగు రచన క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును 'వేదాంత రసాయనము' అను పద్యకావ్యముగ రచించెను.

1963 డిసెంబరు 4న ఆ మహాసభ దేశభాషలలో ఆరాధన జరుపుటకు అనుమతి నొసగెను. 1969లో మన దేశపు ఆచారములు కొన్ని, అనగా నేలపై కూర్చుండుట, అంజలి ఘటించుట, నూనెదీపము వెలిగించుట, హారతి ఇచ్చుట, పూజలో అంగీకరింపబడినవి. ప్రజలకు తమ మాటలలో దేవుని స్తుతించు భాగ్యము కలిగినది. దానితోపాటు ఒక ప్రశ్నయు పుట్టినది: ఎవరి మాటలలో?

రాయచూరు జిల్లాలో కన్నడము రాజభాష. స్థానిక విశ్వాసులలో పెక్కుమంది కన్నడమునే మాటలాడుదురు. క్యాంపుల నుండి వచ్చు వృద్ధులకు తెలుగు ప్రార్థన తప్ప మనస్సున కెక్కదు. వారి మనుమలు బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుదురు. తిరుసభ చట్టమున దీనికొక దారి కలదు. విచారణ సామాన్యముగా ప్రదేశమును బట్టి ఏర్పడవలెను. అవసరమైనచో భాషను బట్టియు ప్రత్యేక విచారణ ఏర్పరుపవచ్చును. అయినను వేరుపడుట సులభము, కలసియుండుట కష్టము. తెలుగువారు భూమి గలవారై, కన్నడమువారు కూలికి వచ్చువారైనచోట, భాష పేర రెండు పూజలు వేరు చేసిన యెడల అది రెండు తరగతులను వేరుచేసినట్లే యగును. కులభేదము కూడ క్రైస్తవులలో సమసిపోలేదు. భారత కతోలిక పీఠాధిపతుల సభయే 2016లో దళితుల అభ్యున్నతికి ఒక విధానమును ప్రకటించి, తిరుసభలో ఈ వివక్ష పోవలెనని చెప్పవలసివచ్చినది. ఒకే చాపపై మోకరించుటయే విచారణకు పరీక్ష.

కావున వివేకవంతులైన పెద్దలు అవలంబింపదగిన మార్గ మిది: దేవాలయమున ఊరి భాషకు సంతోషముగా చోటిచ్చుట, తెలుగు పాటకు, పాఠమునకు కొంత చోటు మర్యాదగా అడుగుట, ఇంట మాత్రము తెలుగును విడువకుండుట. పొరుగువాని భాష నేర్చుట ఓటమి కాదు. ఇంటి భాష మరచుట గెలుపు కాదు.

4. నోటికి వచ్చినది కంటికి రావలెను

ఇచ్చట తల్లిదండ్రులు గమనింపవలసిన ముఖ్యవిషయము కలదు. జపమాల నేర్చిన బిడ్డకు తెలుగు ప్రార్థన నోటికి వచ్చును. అదే ప్రార్థన అచ్చులో చూపిన చదువలేడు. నోటికి వచ్చినది కంటికి రాలేదు. ఇది కతోలికుల యిండ్ల సంగతి మాత్రమే కాదు. హనుమంతుని దండకము ఒప్పచెప్పుచు దానిని చదువలేని బాలురు మన యిండ్లలోను కలరు. అవ్వ నోటినుండి వచ్చినది అవ్వ ఉన్నంతవరకే సవరింపబడును. పిమ్మట మాట మాట జారిపోవును. చదువ నేర్చినవాడే పదమును నిలుపగలడు, అర్థమును అడుగగలడు, తన బిడ్డకు మరల నేర్పగలడు. పూర్వము విచారణ నిలిచినది నోటి ప్రార్థన, వ్రాసిన పుస్తకము, రెండును ఉండుటచేతనే.

రాజ్యాంగము మనకు కొన్ని హక్కుల నొసగినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చును. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించును. ఇటు 2015 నాటి కర్ణాటక చట్టము పాఠశాలలలో కన్నడ బోధనను తప్పనిసరి చేసినది. ఈ రెండింటికి విరోధము లేదు. హక్కు ఎంత గొప్పదైనను, బిడ్డను తెలుగు తరగతికి పంపు తల్లిదండ్రులు లేనిచో బల్లలు ఖాళీయగును.

పని కష్టమైనది కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. పూర్వము రెండింటికిని ఒకే లిపి. కన్నడ మక్షరములు వచ్చిన బాలునకు తెలుగు అక్షరములలో పెక్కు చూడగనే తెలియును. తలకట్టు, కొన్ని గుణింతములు, కొన్ని ఒత్తులు మాత్రము వేరుగా చూపవలెను. ఇంట ప్రార్థన ముగిసిన వెంటనే పది నిమిషములు కేటాయింపుడు. అప్పుడు చెప్పిన ప్రార్థననే, లేక శ్లోకమునే, తెలుగు అచ్చులో ముందుంచి వ్రేలితో ఒక్కొక్క పదమును చూపుచు చదివింపుడు. మాట ముందే నోట నున్నది గనుక అక్షరము త్వరగా పట్టుబడును. పిమ్మట అవ్వకు ఒక ఉత్తరము వ్రాయింపుడు. తుదకు కుటుంబమందలి వారి పేర్లు, పుట్టినతేదీలు, పూర్వుల ఊళ్ల పేర్లు ఒక పుస్తకములో బిడ్డచేతనే తెలుగున వ్రాయింపుడు. విచారణకు పుస్తక మెట్టిదో, ఇంటికి అది యట్టిది.

దేవాలయమును కట్టుటకు సున్నము, రాయి కావలెను. విచారణను కట్టుటకు అనుదినపు అలవాట్లు చాలును. అవి లేనిచో సున్నము, రాయి వ్యర్థము. భాషయు నట్టిదే. మన సంఘము బడి కట్టినది. అలవాటు మీ యింట పుట్టవలెను.

అభ్యాసము (పిల్లలతో కలసి పెద్దలు చేయదగినది)

1. మీ కుటుంబము ఈ జిల్లాకు ఏ సంవత్సరమున, ఏ ఊరినుండి వచ్చినది? పెద్దల నడిగి వ్రాయుడు.
2. మీ యింట నోటికి వచ్చిన ప్రార్థన, పాట లేక పద్యము ఒకటి తెలుగున వ్రాసి, కఠినపదములకు అర్థములు తెలిసికొనుడు.
3. మీ పొరుగున వేరు మతస్థులైన వారి పండుగను గూర్చి వారినే యడిగి పది వాక్యములు వ్రాయుడు.
4. తెలుగు, కన్నడ అక్షరములను ప్రక్కప్రక్కన వ్రాసి, పోలినవి, పోలనివి వేరుచేయుడు.