అలికినాకే పిలుద్దామనుకున్నా

రా చెల్లీ, ఇట్లా నీడకు కూర్చో. గంప దించు. ఇప్పపూల కాలం వచ్చిందంటే మన జింగనూర్‌లో ఆడవాళ్ళకు నిద్రెక్కడిది, కోడి కూయకముందే చెట్టు కిందికి పోవాల్సిందే కదా. మొన్న నువ్వన్న మాట నా మనసులోంచి పోవట్లేదు. "ఇంట్లో అప్పులు, నోరు తెరిస్తే కోపం. ముందు నేను బాగుపడనీ అక్కా, అప్పుడు దేవుణ్ణి పిలుస్తా" అన్నావు.

నేనూ ఏళ్ళ తరబడి అదే అనుకున్నా. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు అలికి, వాకిలి ఊడ్చి, కాళ్ళకు నీళ్ళు పెట్టి ఎదురుచూసే జాతి కదా మనది. దేవుడికీ అంతేననుకున్నా. లూకా సువార్త 19వ అధ్యాయం చదివిన రోజున నా లెక్క తప్పని తెలిసింది.

జక్కయ్య యెరికోలో సుంకం వసూలుదారులకు పెద్ద. బాగా డబ్బున్నవాడు, మనిషి మాత్రం పొట్టి. గుంపులో యేసు కనిపించక మేడిచెట్టెక్కాడు. మన మేడి లాంటి చెట్టే అది! యేసు ఆ చెట్టు కింద ఆగి, పేరు పెట్టి పిలిచి, ఇవాళ నీ ఇంట్లోనే ఉండాలన్నాడు. అప్పటికి జక్కయ్య ఎవరికీ పైసా తిరిగివ్వలేదు, చూశావా. పాపి ఇంటికి పోయాడేమిటని అందరూ సణిగారు. ఆ అతిథి వచ్చాకే జక్కయ్య లేచి, ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు కడతానన్నాడు. ఆ ఇంట్లో అలుకు పని చుట్టం వచ్చాక మొదలైంది.

ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు గట్టిగా తగిలింది. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో యేసు తలుపు దగ్గర నిలబడి తడుతుంటాడు కదా. అది దేవుణ్ణి ఎరగనివాళ్ళ తలుపనుకునేదాన్ని. కాదు, ఆ ఉత్తరం లవొదికయ సంఘానికి రాసింది. నల్ల ఉన్నికీ, కంటి మందుకీ పేరున్న ఊరది. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే, రోము సాయం లేకుండా సొంత డబ్బుతో మళ్ళీ కట్టుకున్నారట. మాకేం తక్కువ లేదనుకునేవాళ్ళు. రోజూ ఆయన పేరు తలిచేవాళ్ళ గడప బయటే ఆయన నిలబడి ఉన్నాడు!

నా సంగతి చెప్తా విను. ఆదివారం పాటలు నేనే ఎత్తుకునేదాన్ని. మా తోటికోడలితో మాత్రం రెండేళ్ళు మాటల్లేవు. చేను గట్టు దగ్గర వచ్చిన తగువు. ఇల్లంతా దేవుడికిచ్చి, ఆ ఒక్క గదికి తాళం వేసుకుని కూర్చున్నా.

అది తెరవడానికి నేనేం పెద్ద వ్రతం పట్టలేదమ్మా. రాత్రి పూట కొంచెం పైకి చదవడం మొదలుపెట్టా, అంతే. మా అమ్మాయిది మరాఠీ బడి, తెలుగు అక్షరాలు రావు. అందుకని నేను తెలుగులో నాలుగు మాటలు చదివితే, అది మరాఠీలో అవే చదువుతుంది. మరాఠీ బైబిలంటే గుర్తొచ్చింది, పండిత రమాబాయి తన చివరి ఏళ్ళు మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలు మార్చడానికే పెట్టింది. 1922లో ఆమె పోయింది, పుస్తకం 1924లో వచ్చింది. ఆ సంగతి చెబితే మా అమ్మాయి పుస్తకాన్ని ఇంకా జాగ్రత్తగా పట్టుకుంది. ఒకరాత్రి జక్కయ్య కథ చదివి, "అమ్మా, మరి పెద్దమ్మ వాళ్ళింటికి మనమెందుకు పోం?" అంది. నా దగ్గర జవాబు లేదు. దీపం చిన్నది చేసి పడుకున్నా గానీ నిద్ర పట్టలేదు.

తెల్లారి ఇప్పచెట్టు దారిలో ఆమె తడిక దగ్గర ఆగా. కాళ్ళు వణికాయి. "అక్కా, పూలకొస్తావా?" అన్నా. లోపల కాసేపు చప్పుడే లేదు. తర్వాత గంప తీస్తున్న అలికిడి వినిపించింది.

రేపు సాయంత్రం నువ్వూ రా. ఆ అధ్యాయమే మళ్ళీ చదువుదాం. పని తెమల్చుకుని వస్తానని కూర్చోకు, ఉన్నపళంగా వచ్చెయ్.