నేరాలు తగ్గాయంటే నమ్మొచ్చా? ప్రజా భద్రతలో ప్రభుత్వ పనితీరుకు కొలతలు

ఏటా డిసెంబరు చివరి వారంలో పోలీసు కమిషనర్లు, ఎస్పీలు విలేకరులను పిలిచి వార్షిక నేర నివేదిక విడుదల చేస్తారు. నేరాలు తగ్గాయంటే ప్రభుత్వం తన ఖాతాలో వేసుకుంటుంది, పెరిగాయంటే ప్రతిపక్షం అందుకుంటుంది. నేర నియంత్రణలో ప్రభుత్వ పనితీరును ఎలా అంచనా వేస్తారని మెయిన్స్‌లో అడిగితే అభ్యర్థులు చాలామంది ఇదే దారి పడతారు. ఆ నివేదికలో ఉండేది పోలీసులు కట్టిన కేసుల సంఖ్య. జరిగిన నేరాలెన్నో అది చెప్పదు. ఈ తేడా పట్టుకుంటే సగం జవాబు చేతికొచ్చినట్లే.

లెక్క ఎవరు వేస్తారు?

శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. స్టేషన్లు రాష్ట్రాలవే అయినా దేశం మొత్తం లెక్కలు కూర్చేది కేంద్ర హోంశాఖ కింద 1986లో ఏర్పడిన జాతీయ నేర గణాంక సంస్థ (ఎన్‌సీఆర్‌బీ). లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయో అదే నేర రేటు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా, వాటిలో పెద్ద శిక్ష పడేదాని కిందే లెక్కిస్తారు. అత్యాచారం చేసి చంపేసిన కేసు హత్యల్లో చేరుతుంది, అత్యాచారాల పద్దులోకి రాదు. ప్రిలిమ్స్‌లో అడగదగిన అంశమిది.

2020 అనే వింత సంవత్సరం

దేశంలో 2019లో సుమారు 51.56 లక్షల కేసులు నమోదైతే 2020లో 66 లక్షలయ్యాయి. అంటే 28 శాతం పెరుగుదల. జనమంతా ఇళ్లలో ఉన్న ఏడాది నేరాలు ఎలా పెరిగాయి? ప్రభుత్వ ఉత్తర్వుల ఉల్లంఘనకు పెట్టే ఐపీసీ 188 సెక్షన్ కేసులు 29,469 నుంచి 6,12,179కి చేరాయి. లాక్‌డౌన్ వేళ రోడ్డెక్కినవారి మీద పెట్టిన కేసులు మొత్తం అంకెను పైకి లేపాయి. అదే ఏడాది మహిళలపై నేరాలు 8.3 శాతం తగ్గినట్లు నివేదిక చూపింది. ఆ నెలల్లోనే జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస ఫిర్యాదులు పెరిగాయి. కొట్టే మనిషి గడప దాటనివ్వకపోతే స్టేషన్ దాకా వెళ్లేదెవరు?

రాష్ట్రాలను పోల్చినా ఇదే చిక్కు. 2022లో కేరళ మొత్తం నేర రేటు లక్షకు వెయ్యి దాటింది, బిహార్‌ది 300 లోపే. హత్యల రేటు చూడండి: కేరళలో ఒకటి కన్నా తక్కువ, బిహార్‌లో 2.3. శవం దొరికాక హత్యను దాచడం కష్టం కాబట్టి రాష్ట్రాల మధ్య పోలికకు ఈ రేటే ఎక్కువ నమ్మదగింది. సైబర్ నేరాల్లో 2022లో తెలంగాణ 15,297 కేసులతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇక్కడ మోసగాళ్ల బెడద ఎక్కువే. కానీ బాధితుడు వస్తే కేసు కట్టే అలవాటు కూడా ఆ అంకెలో ఉంది. కేసులు తక్కువున్న రాష్ట్రాల్లో డబ్బు పోగొట్టుకున్నవారు లేరనుకోవడం అమాయకత్వం.

కేసు కట్టకపోవడమే కిటుకు

నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో ‘నీ స్టేషన్లో కేసులెందుకు పెరిగాయి?’ అని పైఅధికారి నిలదీస్తే కింది అధికారికి తోచే సులువైన ఉపాయం కేసు కట్టకపోవడం. పిటిషన్ తీసుకుని రెండు రోజులాగి రమ్మంటారు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేస్తారు. ఫోను కొట్టేశారని వచ్చినవాడి చేత ఎక్కడో పోయిందని రాయిస్తారు. పోలీసు పరిభాషలో దీన్నే బర్కింగ్ అంటారు.

చట్టం దీన్ని ఒప్పుకోదు. విచారణకు తీసుకోదగిన నేరం జరిగినట్లు సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇదే జీరో ఎఫ్‌ఐఆర్. అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకూ ఆ సెక్షనే వీలిచ్చింది. కేసును వాయిదా వేయాలనుకునే స్టేషన్‌కు ఈ వెసులుబాటు బాగా పనికొస్తుందని నా అనుమానం.

ఈ జబ్బు మనొక్కరిదే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో జనం చెప్పిన నేరాల్లో 19 శాతాన్ని పోలీసులు నమోదే చేయలేదని 2014లో పోలీసు తనిఖీ సంస్థ బయటపెట్టింది. ఏడాదికి 8 లక్షలకు పైగా నేరాలన్నమాట. అదే ఏడాది జనవరిలో పోలీసు లెక్కలకున్న ‘జాతీయ గణాంకాలు’ హోదాను అక్కడి గణాంక ప్రాధికార సంస్థ తీసేసింది. తన పేపరు తానే దిద్దుకునే విద్యార్థికి మార్కులు తక్కువ రావు మరి.

ఇంటికెళ్లి అడిగితే

అందుకే అమెరికా 1973 నుంచి, ఇంగ్లండ్ 1982 నుంచి బాధితుల సర్వే నడుపుతున్నాయి. ‘గత ఏడాది మీ ఇంట్లో దొంగతనం జరిగిందా? పోలీసులకు చెప్పారా?’ అని ఇంటింటికీ తిరిగి అడుగుతారు. మన దేశంలో ఏటా జరిగే ఇలాంటి జాతీయ సర్వే లేదు.

ఉన్నంతలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక కిటికీ తెరుస్తుంది. 2019–21 సర్వే ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవారు దేశంలో 29 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. హింసకు గురైన మహిళల్లో ఎవరి సాయమైనా కోరినవారు దేశం మొత్తమ్మీద 14 శాతమే. ఇక 2022లో భర్త, అత్తింటివారి క్రూరత్వం కింద దేశమంతటా నమోదైనవి 1.4 లక్షల కేసులు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కేసులు పెరగడం మంచి సూచన అయ్యే అవకాశమే ఎక్కువ.

మరి దేన్ని కొలవాలి?

ఎన్ని సీసీ కెమెరాలు పెట్టారు, ఎన్ని గస్తీ వాహనాలు కొన్నారు అన్నది ఖర్చు లెక్క. 2019లో మొదలైన ఇండియా జస్టిస్ రిపోర్ట్ ఖాళీలు, బడ్జెట్, మహిళా సిబ్బంది వాటా వంటివి చూస్తుంది. అది సామర్థ్యం లెక్క. ఫలితానికి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యం 16 కింద మూడు మంచి సూచికలున్నాయి: హత్యల రేటు, హింసకు గురైనవారిలో ఫిర్యాదు చేసినవారి శాతం, తానుండే చోట చీకటి పడ్డాక ఒంటరిగా నడవడానికి భయపడనివారి శాతం.

శిక్షల రేటు దగ్గర జాగ్రత్త. 2022లో ఐపీసీ కేసుల్లో అది 54.2 శాతం. విచారణ ముగిసిన కేసుల్లోనే దాన్ని లెక్కిస్తారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి మగ్గుతున్నవి అందులోకి రావు. కాబట్టి పెండింగ్ అంకె లేకుండా ఈ శాతాన్ని రాయకండి.

ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశాల్లో రాష్ట్ర భద్రతా కమిషన్ ఒకటి. పోలీసుల పనితీరును అది అంచనా వేసి, ఆ నివేదికను శాసనసభ ముందుంచాలి. బాధితుల సర్వేను ఈ కమిషన్‌కే అప్పగించాలని సూచిస్తే జవాబుకు బలం వస్తుంది. చివరిగా ఒక హెచ్చరిక: 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. గొలుసు దొంగతనం, వ్యవస్థీకృత నేరం విడి సెక్షన్లయ్యాయి. వీటి అంకెలను అంతకు ముందువాటితో నేరుగా పోల్చి ‘పెరిగింది, తగ్గింది’ అని రాయొద్దు.