జాకీ ఎక్కడ ఆనించాలి?

ప్రశ్న: నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద టైరు పంక్చరైంది. జాకీతో లేపితే డోరు కింది రేకు సొట్టపోయింది. ఎందుకలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: చాలా కార్లకు డోర్ల కింద పొడవునా వెల్డింగ్ అంచు ఉంటుంది. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు ఆ అంచుకు రెండేసి గాట్లుంటాయి. వేలితో తడిమినా తెలుస్తాయి. జాకీ తల ఆ గాట్ల మధ్యే కూర్చోవాలి. పక్కకు జరిగితే పలచటి రేకు మీద బరువు పడి నొక్కుకుపోతుంది. ఇంజన్ ఆయిల్ చాంబర్ కింద అసలే పెట్టొద్దు.

రోడ్డు దిగితే చల్క నేల, వానకు జాకీ దిగబడుతుంది. కింద మందపాటి చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టండి (మన దగ్గర రాళ్లకు కరువా!). నట్లు బండి లేపకముందే కొద్దిగా వదులు చేసుకోండి. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం దూరొద్దు.